తలకిందుల పెట్టె

మా మామయ్యకి తప్పు ఒప్పుకునే అలవాటు లేదు. పాలు పొంగిపోతే గిన్నెది తప్పు. బస్సు వెళ్ళిపోతే డ్రైవరుది తప్పు. చొక్కా గుండీలు ఒకటి ఎగువా ఒకటి దిగువా పెట్టుకుని వీధంతా తిరిగొచ్చి, నా కుట్టు మిషను ముందు నిలబడి, "కాజాలు వంకరగా కుట్టావమ్మాయ్" అని నన్నే నిలదీసేవాడు. ఆయన చొక్కాలన్నీ కుట్టింది నేనే. ఒక్క కాజా కూడా వంకర పోలేదు. ఆ మాట అంటే, "అయితే గుండీలు వంకర" అనేవాడు.

ఆయన మా అమ్మకి అన్న. అమ్మ పోయాక నన్ను తెచ్చి పెంచింది ఆయనా, అత్తయ్యా. వాళ్ళకి పిల్లలు లేరు. అందుకే ఆయన దగ్గర నాకు చనువెక్కువ, ఆయన మీద కోపం ఇంకా ఎక్కువ. ఇప్పుడు ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆ మొండితనం వదిలేసి రాస్తే అది ఇంకెవరి కథో అవుతుంది.

మా కాలనీ ఉన్నదే గని కోసం. గని ఉన్నది యురేనియం కోసం. మామయ్య పని మాత్రం గనిలో కాదు, పక్కనున్న రేకుల షెడ్డులో. భూమిలోకి బోరు వేసేటప్పుడు బోలు గొట్టం రాయిని కోసుకుంటూ దిగుతుంది. లోపల రాయి పొడవాటి కడ్డీలా నిలిచిపోతుంది. దాన్ని పైకి లాగాక, ముక్కలు చెదరకుండా, పైది పైన, కిందిది కింద ఉండేట్టు వరస పెట్టెల్లో పేర్చాలి. ఆ పేర్చే మనిషి మామయ్య. అందరూ పెట్టెల మేస్త్రి అనేవారు.

వినడానికి ఇదేం పని అనిపిస్తుంది. కానీ గొట్టంలోంచి కడ్డీని జార్చేటప్పుడు కింది కొస ముందు బయటికొస్తుంది. కాబట్టి పెట్టెని చివరి నుంచి మొదటికి నింపుకుంటూ రావాలి. ఆ తర్వాత ప్రతి ముక్క మీదా కిందివైపు చూపే బాణం గీయాలి. పరధ్యానంలో మొదటి నుంచి నింపారా, భూమి తలకిందులైనట్టే. రాతిలో పగులు ఒక పక్కకి వాలి ఉంటే అవతలి పక్కకి వాలినట్టు కనిపిస్తుంది. ఆ బాణాలు చూసే తర్వాతి బోరు ఎక్కడ వెయ్యాలో నిర్ణయిస్తారు. కొత్తగా చేరిన ప్రతివాడూ ఒక్కసారైనా ఈ తప్పు చేస్తాడట. మామయ్య ఎప్పుడూ చెయ్యలేదట. ఈ 'అట'లన్నీ ఆయన నోటి నుంచి వచ్చినవే.

అత్తయ్యకి చక్కెర జబ్బు. దానితో చూపు మెల్లగా మసకబారి, ఒక ఏడాది పూర్తిగా పోయింది. చూపు పోయింది గానీ నోరు ఎక్కడికీ పోలేదు. "నీ మొహం చూడక్కర్లేదంటే ఈ జబ్బూ ఒకందుకు మంచిదే" అని మామయ్యని ఆటపట్టించేది. ఒకరి చెయ్యి పట్టుకుని నడవడమంటే ఆమెకి చచ్చేంత చిరాకు. ఎవరైనా జబ్బ పట్టుకోబోతే విదిలించేసేది. గడప దాటితే గోడ. గోడ అయిపోతే నీళ్ళ పంపు చప్పుడు. ఆ తర్వాత రొట్టెల దుకాణం వేడి మొహానికి తగిలేది. అక్కడి నుంచి నా మిషను చప్పుడు పట్టుకుని నేరుగా నా దుకాణంలోకి వచ్చి నా ముక్కాలి పీట మీద కూర్చునేది.

గడప పక్కనా, దారిలో మలుపు మలుపుకీ గోడ మీద, చెయ్యి అందే ఎత్తులో, మామయ్య ఒక్కో రాతి కడ్డీ ముక్కని సిమెంటుతో అతికించాడు. పనికిరాదని పారేసిన ఉత్త గ్రానైటు. రేడియేషన్ మీటరు పెట్టి చూసి మరీ తెచ్చాడు. గుండ్రంగా, నున్నగా ఉన్న ఆ ముక్కని తడిమి అత్తయ్య ఎటు తిరగాలో తెలుసుకునేది. ఆమె ఆయన్ని జీవితంలో కోరింది ఒక్కటే. ఎక్కడికైనా ఒకరి చెయ్యి పట్టుకుని వెళ్ళాల్సిన చోటికి తనని తీసుకెళ్ళొద్దని. "నిన్ను ఇక్కణ్ణించి కదిపేదెవరే" అనేవాడు మామయ్య.

కంపెనీలో జియాలజిస్టు ఒకావిడ ఉండేది. నా ఈడుదే. షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంతో రాళ్ళు చూసేది. ఆమె ప్యాంట్లకి మోకాళ్ళ దగ్గర అతుకులు వేసి వేసి నాకు విసుగొచ్చింది. అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి టీ తాగేది. ఒక సాయంత్రం అత్తయ్య ఆమెని పట్టుకుంది.

"అది కాదమ్మా, ఈ యురేనియం నీళ్ళల్లో కొట్టుకొచ్చిందంటారు. రాయి నీళ్ళల్లో ఎలా కరుగుతుంది? నేను గిన్నెలో రాయి వేసి ఎంతసేపు కాచినా రాయి రాయిలానే ఉంటుంది కదా."

"మన పొయ్యి సరిపోదు పిన్నిగారూ" అని నవ్విందామె. "లోతున నీళ్ళు ఇంతకన్నా చాలా వేడిగా ఉంటాయి. పైన అంత రాతి బరువుంటే ఆవిరవడానికి చోటుండదు. వాటిలో ఉప్పుంటుంది, ఆక్సిజన్ కలిసి ఉంటుంది. అలాంటి నీళ్ళు మామూలు రాతిలోంచి కూడా యురేనియాన్ని కాస్త కాస్తగా లాక్కుంటాయి. పగుళ్ళ వెంట ఎంతో కాలం మోసుకుపోతూనే ఉంటాయి."

"మరి దించేదెక్కడ?"

"ఆక్సిజన్ పోయిన చోట. మన గనిలో నల్ల పొర ఉంది కదా, పెన్సిల్లో నల్లగా ఉంటుందే, అదే పదార్థం. ఆ పొర తగిలేసరికి నీళ్ళల్లో ఆక్సిజన్ పోతుంది. ఇక యురేనియాన్ని మొయ్యడం వాటి వల్ల కాదు. అక్కడే నల్లగా పేరుకుపోతుంది."

"అంటే అంత దూరం మోసుకొచ్చి, ఊపిరాడక మన గుమ్మంలో దించేశాయన్నమాట."

"అంతే. దారంతా రాయిని ఎర్రగా చేసిపోతాయి, తుప్పు పట్టినట్టు. ఎరుపు కనిపిస్తే నీళ్ళు అటు వెళ్ళాయని గుర్తు."

"ఎరుపెవరిక్కావాలి" అన్నాడు మామయ్య, ఇదంతా తనే కనిపెట్టినట్టు. "నలుపు కావాలి."

ఆ నలుపే ఒకచోట ఆగిపోయింది. గనిలో పొరని ఎవరో కత్తిరించినట్టు అడ్డంగా పెద్ద విరుపు వచ్చింది. విరుపుకి అవతల ఉత్త బూడిదరంగు రాయి. గళ్ళ గుడ్డని చింపి ఒక ముక్కని పక్కకి జరిపితే గళ్ళు కలవవు కదా, అలా భూమి జరిగిపోయింది. మిగిలిన పొర ఎటు జరిగిందో తెలియాలంటే ఆ విరుపు ఎటు వాలి ఉందో తెలియాలి. అందుకని విరుపుని దాటేలా ఒక బోరు వేశారు. వచ్చిన కడ్డీలని మామయ్య పెట్టెల్లో పేర్చాడు. బాణాలు చూసి, వాలు కొలిచి, పొర రైలు పట్టాల వైపు ఉండాలని తేల్చింది జియాలజిస్టు.

రైలు పట్టాల పక్కన మరో బోరు మొదలైంది. ఇదే ఆఖరిదని మేనేజరు ముందే చెప్పేశాడు. నలుపు తగిలితే గని నడుస్తుంది. తగలకపోతే మూసేస్తారు. కాలనీకి నీళ్ళూ, కరెంటూ గనివే. ఇళ్ళు కంపెనీవి. గని పోతే వీధే ఉండదు. ఆ రోజుల్లో అందరూ నా దుకాణం ముందు నిలబడి బోరు చప్పుడే వినేవాళ్ళు. అత్తయ్య కూడా పీట మీద కూర్చుని, నా మిషను ఆపమని మరీ వినేది.

నలుపు రాలేదు. ఎరుపు వచ్చింది. పెట్టె తర్వాత పెట్టె, తుప్పు రంగు రాయి. మీటరు పెడితే నోరు మెదపలేదు. బోరు మిషను విప్పి లారీ ఎక్కించారు. ఇళ్ళు ఖాళీ చెయ్యాలని మైకులో చెప్పారు. రొట్టెల దుకాణం వాడు అందరికన్నా ముందు సర్దుకున్నాడు. మర్నాడు అత్తయ్య ఆ చోటికి వచ్చి, మొహానికి వేడి తగలక, ఎటు తిరగాలో తెలియక నడివీధిలో నిలబడిపోయింది. నేను పరుగెత్తి వెళ్ళి జబ్బ పట్టుకున్నాను. ఆ ఒక్కసారి నా చెయ్యి విదిలించుకోలేదు.

మామయ్య కొన్నాళ్ళు ఇల్లు కదల్లేదు. తర్వాత ఒక పొద్దున్న నా దుకాణానికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మాయ్, తప్పు నాది" అన్నాడు.

జ్వరం వచ్చిందేమో అనుకున్నాను. ముట్టుకుని కూడా చూశాను.

"నిజం. పెట్టె తలకిందులుగా పేర్చాను. విరుపు తగిలిన పెట్టె. మీ అత్తయ్య గోతిలో పడ్డ రోజు గుర్తుందా?"

గుర్తు లేకేం. పైపుల కోసం ఎవరికీ చెప్పకుండా వీధికి అడ్డంగా గొయ్యి తవ్వారు. గోడ పట్టుకుని ధీమాగా నడిచొస్తున్న మనిషి అందులో పడి నుదురు పగలగొట్టుకుంది. ఎవరో షెడ్డుకి పరుగెత్తి చెప్పారు. అప్పటికి మామయ్య గొట్టంలోంచి కడ్డీని సగం జార్చాడట. అది అలాగే వదిలేసి వచ్చాడు. కట్టు కట్టించి, ఇంట్లో పడుకోబెట్టి, తిరిగి వెళ్ళి మిగతా సగం పేర్చి, బాణాలు గీశాడు.

"ఎటు నుంచి మొదలుపెట్టానో ఎంత గింజుకున్నా గుర్తు రావడంలేదు. కంగారులో మొదటి నుంచి నింపేసుంటాను. బాణాలన్నీ తిరగబడ్డాయి. విరుపు అటు వాలలేదు, ఇటు వాలింది. పొర రైలు పట్టాల వైపు కాదు, దానికి ఎదురు దిక్కున ఇటుకబట్టీ వైపు ఉంది. అనవసరంగా అక్కడ బోరు వేశారు. నా వల్ల."

ఈ మాటలు చెబుతూ నవ్వుతున్నాడు. గిన్నెల మీద, బస్సుల మీద, నా కాజాల మీద తప్పు నెట్టే మనిషి, ఊరు ఊరంతా మునిగిన తప్పుని తన నెత్తిన వేసుకుని పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. ఎందుకో నాకు అర్థమయింది. ఆయన తప్పు చేసి ఉంటే నలుపు ఉంది. ఆయన తప్పు చెయ్యకపోతే ఏమీ లేదు.

అత్తయ్యకి చెబితే పడీపడీ నవ్వింది. "ఇన్నేళ్ళ కాపురంలో మొదటి తప్పు ఒప్పుకున్నావు. వీధిలో చక్కెర పంచనా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వూ వెళ్ళవే. ఈయనకి తప్పు ఒప్పుకునే అలవాటు లేదు. సరిగా ఒప్పుకోలేడు" అంది. మేం బయల్దేరుతుంటే ఆమె కూడా లేచి, గోడ పట్టుకుని పంపు దాకా నడిచింది. మలుపులో రాతి ముక్కని తడిమి, దాని మీద రెండు తట్లు తట్టింది.

షెడ్డులో అరలు విప్పేస్తున్నారు. జియాలజిస్టు ఒక మూల పాత పెట్టెల మీద పేర్లు చెరుపుతోంది. ఆమె ఉద్యోగమూ పోయింది. మామయ్య చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా వింది. విన్నాక చేతిలో గుడ్డ పడేసి, పరుగులాంటి నడకతో ఆ పెట్టె ఉన్న అర దగ్గరికి వెళ్ళింది. ఆమెకీ ఆశ పుట్టింది. మా కోసం ఆగకుండా పెట్టెని తనే దించింది.

మగ్గుతో నీళ్ళు పోసింది. తడిస్తే రాయి రంగు తేలుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని, నేను వేసిన అతుకులు నేలకి ఆనించి, ఒక్కో ముక్కా తిప్పి చూసింది. పెట్టె చివరి ముక్క దగ్గర ఆగిపోయింది. వేలితో తడిమింది. భూతద్దం పెట్టింది. మళ్ళీ వేలితో తడిమింది.

"ఏంటది?" అని అడిగాను నేను.

"గొట్టం అడుగున పళ్ళున్న ఉంగరం ఒకటి ఉంటుంది. రాయిని తెంపి పైకి లాగేటప్పుడు అది బిగుసుకుంటుంది. అప్పుడు ఈ గీతలు పడతాయి. ఎప్పుడూ కింది కొసకే పడతాయి" అంది నాతో. మామయ్య వైపు చూడలేదు.

గీతలు పెట్టె చివర ఉన్నాయి. ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. ఈ గీతల సంగతి మామయ్యకి తెలియనిది కాదు. ముప్పొద్దులా వాటి మధ్యే బతికిన మనిషి. ముందే వచ్చి ఒక్కసారి చూసుకుంటే సరిపోయేది. చూడలేదు. చూడదలచుకోలేదు.

"మళ్ళీ చూడమ్మా" అన్నాడు.

ఆమె దీనికన్నా పై లోతులో వచ్చిన పెట్టెలోని ఆఖరి ముక్కా, ఈ పెట్టెలోని మొదటి ముక్కా తెచ్చి, విరిగిన మొహాలు రెండూ ఆనించింది. దంతాలు కరుచుకున్నట్టు కలిసిపోయాయి. మామయ్య ఆ ముక్క తన చేతిలోకి తీసుకుని, అటు కొస ఇటు తిప్పి ఆనించాడు. కలవలేదు. కాస్త తిప్పాడు. కలవలేదు. రాయి గీసుకుని రాతిపొడి రాలుతోంది గానీ ఆయన తిప్పడం మానలేదు. నాకు చూడబుద్ధి కాక, "చాలు మామయ్యా" అన్నాను. వినిపించుకోలేదు.

"సరిగ్గానే పెట్టారు మేస్త్రిగారూ. ఒక్క ముక్క కూడా తేడా లేదు" అందామె.

"నేను కంగారులో ఉన్నానమ్మా. మా ఆవిడ రక్తం చొక్కా మీద ఉంది. అలాంటప్పుడు ఎవరైనా తప్పు చేస్తారు కదా."

"చేస్తారు. మీరు చెయ్యలేదు."

"పోనీ ఇటుకబట్టీ వైపు ఒక్క బోరు వేసి చూడకూడదా?"

ఆమె అక్కడే నేల మీద చతికిలబడింది. "బాణాలు సరిగ్గా ఉన్నాయంటే అటువైపు నేల పైకి లేచినట్టు. పైకి లేచిన పొర ఎండకీ వానకీ అరిగి ఎప్పుడో కొట్టుకుపోయింది. ఉంటే రైలు పట్టాల వైపే ఉండాలి. అక్కడే వేశాం. వేడి నీళ్ళు అక్కడికి వచ్చాయి కూడా. ఆ ఎరుపు మీరూ చూశారు. కానీ నల్ల పొర అక్కడిదాకా రాలేదు. ఆపేది ఏమీ లేక, మోసుకొచ్చింది మోసుకుంటూనే వెళ్ళిపోయాయి."

"ఎక్కడికి?"

"ఏమో మేస్త్రిగారూ. పైకెక్కడికో."

మామయ్య ముక్కలన్నీ మళ్ళీ పెట్టెలో పేర్చాడు. చివరి నుంచి మొదటికి, బాణాలు కిందికి చూసేట్టు. ఆ పెట్టెని సాయంత్రానికి చెత్త లారీలో వేస్తారని ఆయనకి తెలుసు. అయినా పేర్చాడు. జియాలజిస్టు ఆయన్ని ఆపలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య గడప మీద కూర్చుని ఉంది. మా అడుగుల చప్పుడు విని లేచింది. మేం చెప్పకముందే ఆ నడకలోనే ఆమెకి ఏదో తెలిసినట్టుంది.

"ఏమయ్యా?"

"సరిగ్గానే పెట్టానట" అన్నాడు మామయ్య.

అత్తయ్య గోడ మీది రాతి ముక్క కోసం చెయ్యి చాపి, దొరికాక పట్టుకుని నిలబడింది. "పాలు పొంగించావు, బస్సులు తప్పించావు, పెళ్ళిలో దండ కూడా తలకిందులుగా వేశావు" అంది. "ఇదొక్కటీ సరిగ్గా చెయ్యాలా?"

తర్వాత ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది అదే మొదలు. చూపు పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఇప్పుడు వాళ్ళు వేరే ఊళ్ళో ఒక పెద్ద భవనంలో పై అంతస్తులో ఉంటున్నారు. నేను రెండు వీధుల అవతల బట్టల కార్ఖానాలో పొద్దస్తమానం కాలర్లు మాత్రమే కుడుతుంటాను. ఆ భవనంలో తలుపులన్నీ ఒకటే. గోడలన్నీ నున్నగా, తడిమితే ఏమీ చెప్పవు. మామయ్య కాలనీ గోడ నుంచి ఒక రాతి ముక్కని ఊడదీసి తెచ్చి తలుపు పక్కన పెట్టాడు. అది యురేనియం గని రాయని ఎవరికో తెలిసింది. అది ఉత్త గ్రానైటని ఆయన ప్రతి గుమ్మం ముందూ నిలబడి చెప్పాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఒకరోజు వాచ్‌మన్ దాన్ని తీసుకెళ్ళి ఎక్కడో పారేశాడు.

రాయి పోయిన మర్నాడు అత్తయ్య ఒంటరిగా బయటికి వెళ్ళి, తిరిగి వస్తూ తమ ఇల్లే అనుకుని ఎవరింట్లోకో వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఆ ఇంటావిడ చెడ్డదేం కాదు, భయపడి అరిచింది. అప్పటి నుంచి అత్తయ్య గడప దాటడం మానేసింది. బాల్కనీలోకి వెళ్ళాలన్నా మామయ్య చెయ్యి అందుకుంటుంది. వేళాకోళాలు కూడా తగ్గిపోయాయి. నేను వెళ్ళినప్పుడు మిషను చప్పుడు చేసి చూపించమంటుంది, నోటితో. చేస్తాను.

మామయ్య మాత్రం మారిపోయాడు. పాలు పొంగితే "నాదే తప్పు" అంటాడు. కుళాయిలో నీళ్ళు రాకపోయినా నాదే తప్పు అంటాడు. నేను వెళ్ళే దారిలో వాన పడితే, తువ్వాలు తెచ్చిచ్చి, "నాదే తప్పమ్మా" అంటాడు. మొదట్లో అత్తయ్య కోప్పడేది. ఇప్పుడు ఆమె కూడా ఏమీ అనడంలేదు.

పోయిన ఆదివారం ఆయనకి కొత్త చొక్కా పట్టుకెళ్ళాను. కార్ఖానా నుంచి వచ్చాక, కళ్ళు లాగుతుంటే తొందరలో కుట్టింది. తొడుక్కుని నా ముందు నిలబడ్డాడు. గుండీలన్నీ సరైన వరసలోనే పెట్టుకున్నాడు. అయినా ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి వేలాడుతోంది. దగ్గరికి వెళ్ళి చూశాను. కాజాలు నిజంగానే వంకరగా ఉన్నాయి.

"మామయ్యా, కాజాలు నేను వంకరగా కుట్టాను" అన్నాను. ఒక్కసారి తిడతాడేమోనని ఎదురు చూశాను. తిడితే బాగుండునని చాలా అనిపించింది.

ఆయన తల వంచి గుండీలు ఒక్కొక్కటే విప్పుకుని, మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"లేదమ్మా" అన్నాడు. "నాదే తప్పు."